సొంత సర్వర్‌లో డ్యాష్‌బోర్డులు: మెటాబేస్, సూపర్‌సెట్, గ్రఫానాల్లో ఏది పెట్టుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఆర్డర్లు, కస్టమర్లు, స్టాకు వివరాలన్నీ ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉన్నాయి. ఇన్నాళ్లూ వారానికోసారి సీఎస్‌వీ ఫైళ్లు దించుకుని స్ప్రెడ్‌షీట్‌లో రిపోర్టులు చేస్తున్నారు. డేటా బయటివాళ్ల క్లౌడ్‌లోకి పోకూడదు, కాబట్టి సొంత సర్వర్‌లో నడిచే ఓపెన్ సోర్స్ టూల్ కావాలి. డెవలపర్లు ఇద్దరు, రిపోర్టులు చూసేవాళ్లు పదిహేను మంది, వాళ్లలో ఎవరికీ ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలు అడిగే భాష) రాదు. మెటాబేస్, సూపర్‌సెట్, గ్రఫానా, రీడ్యాష్, మటోమో పేర్లు విన్నారు. వీటిలో ఏది?

మెటాబేస్ పెట్టుకోండి. మీరు చెప్పిన వివరాలకు అదే సరిపోతుంది. ఒక్కో మేనేజరుకు తన శాఖ డేటా మాత్రమే కనిపించాలనే నియమం ఉంటే, పైథాన్ సర్వర్లు నడిపిన అనుభవం మీ ఇద్దరిలో ఒకరికైనా ఉంటే, అప్పుడు సూపర్‌సెట్ చూడండి. గ్రఫానాను సర్వర్ల పర్యవేక్షణకు ఉంచుకోండి. మటోమో మీ ప్రశ్నకు సంబంధించినదే కాదు. అయితే టూల్ కంటే ముందు డేటాబేస్‌లో చేయాల్సిన పని ఒకటుంది. ఈ సమాధానంలో నేను ఎక్కువగా చెప్పబోయేది దాని గురించే, ఎందుకంటే నేను చూసినంతలో డ్యాష్‌బోర్డులు మూలనపడేది అక్కడే.

మీరు రాసిన ఐదు పేర్లూ ఒకే పని చేసేవి కావు. అందుకే పోలికలు చదివేకొద్దీ అయోమయం పెరుగుతుంది. మెటాబేస్, సూపర్‌సెట్, రీడ్యాష్ ఒక జాతి: ఇప్పటికే ఉన్న మీ డేటాబేస్‌కి కనెక్ట్ అయి, మీరు అడిగిన లెక్క తెచ్చి, చార్టుగానో పట్టికగానో చూపిస్తాయి. గ్రఫానా ఇంకో జాతి: సర్వర్లు, యంత్రాలు, సెన్సర్లు క్షణక్షణం పంపే అంకెల్ని కాలక్రమంలో చూపించడానికి పుట్టింది. మటోమో మూడో జాతి: వెబ్‌సైట్‌కి ఎవరు వచ్చారు, ఏ పేజీలు చూశారు అన్నది తానే సేకరించి, తానే దాచి, తానే చూపిస్తుంది. మీ ఆర్డర్ల టేబుల్ జోలికి అది రాదు.

మెటాబేస్ ఎందుకంటే

ఎస్‌క్యూఎల్ రానివాళ్లు సొంతంగా, తేలిగ్గా ప్రశ్న అడగగలిగేది ఇందులోనే. మెనూలో ఆర్డర్ల టేబుల్ ఎంచుకుని, ఫిల్టర్‌లో "గత 30 రోజులు" పెట్టి, లెక్క దగ్గర "ఎన్ని" అని, విభజన దగ్గర "డెలివరీ స్థితి" అని నొక్కితే బార్ చార్టు వచ్చేస్తుంది. ఆ బార్ మీద నొక్కితే దాని వెనకున్న అసలు రికార్డులు కనిపిస్తాయి. చూడ్డానికి చిన్న సౌకర్యమే, కానీ అసలు బలం అక్కడే ఉంది.

ఒక చోట గోడౌన్ ఇన్‌ఛార్జి ఒకాయన రోజూ పొద్దున్నే వాపసు వచ్చిన ఆర్డర్ల జాబితా నన్ను అడిగేవారు. మెటాబేస్ పెట్టాక ఆయన పక్కన ఇరవై నిమిషాలు కూర్చుని ఎలా చేయాలో చూపించాను. మూడో రోజు ఆయనే ఫోన్ చేశారు: "వాపసు కారణం అనే గడిలో 212 ఆర్డర్లకు ఏమీ లేదు, ఖాళీగా ఉంది. మావాళ్లు కారణం రాయకుండా వాపసు తీసుకోరే?" వెతికితే తేలిందేమిటంటే, మొబైల్‌లో వాపసు ఫారం నింపినప్పుడు ఆ ఒక్క గడి సేవ్ కావట్లేదు. ఆ తప్పు నెలల నుంచి ఉంది, డెవలపర్లం మాకెవరికీ కనపడలేదు. పని తెలిసినవాళ్ల చేతికి డేటా నేరుగా అందినప్పుడు ఇలాంటివి బయటపడతాయి. నేను మెటాబేస్ వైపు మొగ్గడానికి అతి పెద్ద కారణం ఇదే.

పెట్టుకోవడం కూడా తేలిక. ఒకే జార్ ఫైలు (జావా ప్రోగ్రామ్), లేదా ఒకే డాకర్ కంటైనర్ (ప్రోగ్రామ్‌ని దానికి కావలసినవాటితో సహా కట్టిన మూట). క్లోజర్ భాషలో రాశారు, జావా మీద నడుస్తుంది కాబట్టి మెమరీ కొంచెం తింటుంది. పదిహేను మందికి 2 జీబీ ర్యామ్, రెండు కోర్లు ఇస్తే హాయిగా సాగుతుంది. ఈమెయిల్‌కి రోజువారీ రిపోర్టు పంపడం, ఒక అంకె గీత దాటితే హెచ్చరిక పంపడం ఉచిత ఎడిషన్‌లోనే ఉన్నాయి.

ఇక జాగ్రత్తలు. ఇవి ముందే తెలిస్తే బాగుండేదని నాకు తర్వాత అనిపించినవి.

హెచ్2 మీద నడపొద్దు. మెటాబేస్ తన డ్యాష్‌బోర్డులు, యూజర్లు, అనుమతులు అన్నీ దాచుకోవడానికి తనకంటూ ఒక డేటాబేస్ కావాలి. ఏమీ చెప్పకపోతే హెచ్2 అనే చిన్న ఫైలు డేటాబేస్ వాడుకుంటుంది. అది చేసి చూసుకోవడానికే తప్ప అసలు వాడకానికి కాదని వాళ్ల డాక్యుమెంటేషన్ స్పష్టంగా చెబుతుంది. మొదటిసారి నేను ఆ వాక్యం దాటేసి ముందుకెళ్లాను. రెండు నెలల తర్వాత వెర్షన్ మార్చడానికి పాత కంటైనర్ తీసేసి కొత్తది పెట్టాను. ఫైలు కంటైనర్ లోపలే ఉండిపోయింది, బయట వాల్యూమ్ (కంటైనర్ పోయినా మిగిలే డిస్కు చోటు) లేదు. మొదటి తెరలో "స్వాగతం, అడ్మిన్ ఖాతా తెరవండి" అని కనిపించినప్పుడు అర్థమైంది, అరవై డ్యాష్‌బోర్డులు పోయాయని. మీరు మొదటి రోజే దానికి విడిగా ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇవ్వండి, దాన్ని రోజూ బ్యాకప్ తీయండి. ఎన్‌క్రిప్షన్ సీక్రెట్ కీ పెడితే దాన్ని బ్యాకప్‌తో కాకుండా వేరే చోట భద్రపరచండి. అది పోతే దాచిన డేటాబేస్ పాస్‌వర్డులు చదవడం కుదరదు, అన్నీ మళ్లీ ఇవ్వాలి.

తెరమీద కనపడేవి 2,000 వరుసలే. పట్టికగా తెరిచినప్పుడు మొదటి 2,000 వరుసలే వస్తాయి. ఎవరైనా వాటిని కాపీ చేసి స్ప్రెడ్‌షీట్‌లో కూడితే మొత్తం తప్పుతుంది. డౌన్‌లోడ్ బటన్ వాడితే పది లక్షల పైచిలుకు దాకా వస్తాయి. ఇప్పటిదాకా స్ప్రెడ్‌షీట్ అలవాటున్న మీవాళ్లకు ఈ సంగతి మొదటి రోజే చెప్పాలి.

వరుసల స్థాయి అనుమతులు డబ్బు కట్టిన ఎడిషన్‌లోనే ఉన్నాయి. ఏ టేబుల్ మీద ఎవరు ప్రశ్నలు అడగాలి, ఏ ఫోల్డర్ ఎవరు తెరవాలి అన్నది ఉచితంలో ఉంది. అదే టేబుల్‌లో "ఈ మేనేజరుకు ఈ శాఖ ఆర్డర్లే" అనాలంటే ఉచితంలో లేదు. శాఖకో వ్యూ (డేటాబేస్‌లో పేరు పెట్టి దాచిన క్వెరీ, టేబుల్‌లాగే కనిపిస్తుంది) చేసి, వ్యూకో అనుమతి ఇవ్వడం ఒక దారి. నాలుగు శాఖలుంటే ఫర్వాలేదు, నలభై ఉంటే తలకు మించిన భారం. అక్కడే సూపర్‌సెట్ ప్రస్తావన వస్తుంది.

సూపర్‌సెట్ సంగతి

ఇది 2015లో ఎయిర్‌బీఎన్‌బీలో మాక్సిమ్ బోషమ్యాన్ మొదలుపెట్టిన ప్రాజెక్టు. పనుల షెడ్యూలింగ్ టూల్ ఎయిర్‌ఫ్లో మొదలుపెట్టిందీ ఆయనే. తర్వాత అపాచీ ఫౌండేషన్ గొడుగు కిందికి వచ్చి 2021 జనవరిలో అక్కడ పూర్తి స్థాయి ప్రాజెక్టు అయింది. శక్తి విషయంలో దీనికి వంక పెట్టలేం. నలభైకి పైగా చార్టు రకాలు, మ్యాపుల మీద పెద్ద డేటా పరచడం, ఎస్‌క్యూఎల్ ల్యాబ్ అనే చక్కటి ఎడిటర్, వరుసల స్థాయి అనుమతులు, అన్నీ ఉచితం. వెనక ఒక కంపెనీ డబ్బు కట్టించుకునే ఎడిషన్ కోసం పక్కన పెట్టుకున్న ఫీచర్లు అంటూ ఈ కోడ్‌లో లేవు. నాకు ఇది చాలా నచ్చే విషయం.

మరి అదే ఎందుకు చెప్పలేదంటే, నడిపించడం వేరే సంగతి. వెబ్ సర్వర్ ఒకటి, వెనక పని చేసే సెలరీ వర్కర్లు, షెడ్యూలుకు సెలరీ బీట్, మధ్యలో పనుల వరుస పట్టుకునే రెడిస్, తన సొంత వివరాలకు పోస్ట్‌గ్రెస్. రిపోర్టుల స్క్రీన్‌షాట్లు ఈమెయిల్‌కి పంపాలంటే తెర లేకుండా నడిచే బ్రౌజర్ ఒకటి అదనం. 4 జీబీ కంటే తక్కువ మెషీన్ మీద నేనైతే పెట్టను. సెట్టింగులన్నీ పైథాన్ ఫైల్లో రాయాలి. ఒక పొద్దున ఈమెయిల్ రిపోర్టులు ఆగిపోతే తప్పు బీట్‌లో ఉందా, వర్కర్‌లో ఉందా, రెడిస్‌లో ఉందా, బ్రౌజర్‌లో ఉందా అని నాలుగు లాగ్ ఫైళ్లు (ఏం జరిగిందో ప్రోగ్రామ్ రాసుకునే చిట్టాలు) చూడాలి. అది చేయగల మనిషి ఉన్నచోట సూపర్‌సెట్ ఏళ్ల తరబడి నిక్షేపంగా నడుస్తుంది. ఆ మనిషి ఉద్యోగం మారితే ఆరు నెలల్లో పాతబడిపోయి, ముట్టుకోవడానికి అందరూ భయపడే సర్వర్ అవుతుంది. రెండూ చూశాను.

వాడేవాళ్ల వైపు నుంచి కూడా తేడా ఉంది. సూపర్‌సెట్‌లో ఒక చార్టు ఒకే డేటాసెట్ మీద నిలబడుతుంది. రెండు టేబుళ్లు కలపాలంటే ముందే ఎవరో ఎస్‌క్యూఎల్ రాసి డేటాసెట్ తయారు చేసి పెట్టాలి. మెటాబేస్‌లో ఆ జత మెనూల్లోనే కుదురుతుంది. మీ పదిహేను మందికి ఎస్‌క్యూఎల్ రాదన్నారు కాబట్టి సూపర్‌సెట్‌లో టేబుళ్లు కలపాల్సిన ప్రతి కొత్త ప్రశ్నకూ వాళ్లు మీ ఇద్దరి దగ్గరికే రావాలి. ఇప్పుడు సీఎస్‌వీ కోసం వస్తున్నట్టే.

సూపర్‌సెట్ పెడితే మాత్రం మొదటి పని సీక్రెట్ కీ మార్చడం. డిఫాల్ట్ కీతోనే వదిలేసిన సర్వర్లలోకి ఎవరైనా అడ్మిన్‌గా లాగిన్ కావచ్చని 2023లో బయటపడింది, ఆ లోపానికి ఇచ్చిన నంబరు సీవీఈ-2023-27524. ఆ తర్వాత 2.1 వెర్షన్ నుంచి డిఫాల్ట్ కీతో అసలు మొదలవదు. వరుసల స్థాయి నియమం పెట్టాక, ఎస్‌క్యూఎల్ ల్యాబ్‌లో కూడా అది పని చేస్తోందో లేదో ఒక మామూలు యూజర్ ఖాతాతో పరీక్షించి చూసుకోండి. చార్టుల్లో దాచి ఎడిటర్‌లో తెరిచి పెడితే ఆ నియమం ఉన్నా లేనట్టే.

గ్రఫానా గురించి

టోర్కెల్ ఓడెగార్డ్ 2014లో విడుదల చేశారు, లాగ్‌లు చూపించే కిబానా 3 టూల్ కోడ్ నుంచి చీలి వచ్చింది. గో భాషలో రాసిన సర్వర్, కనీసం 512 ఎంబీ మెమరీ చాలంటారు, నిజంగానే తేలిక. ప్రొమీథియస్, లోకీ, ఇన్‌ఫ్లక్స్‌డీబీ లాంటి, కొలతలు, లాగ్‌లు దాచే టూల్స్‌తో దీనికి సాటి లేదు. పోస్ట్‌గ్రెస్‌కి కూడా కనెక్ట్ అవుతుంది, దాంతో "ఉన్న గ్రఫానాలోనే అమ్మకాలు కూడా చూపించేద్దాం" అని చాలామందికి అనిపిస్తుంది. నేనూ ఒకసారి అలాగే చేశాను. గంటకి ఎన్ని ఆర్డర్లు అన్న చార్టు అద్భుతంగా వచ్చింది. "ఏ కస్టమర్లు మూడు నెలలుగా ఏమీ కొనలేదు, వాళ్ల జాబితా కావాలి" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ప్రతి ప్యానెల్‌కీ చేత్తో ఎస్‌క్యూఎల్ రాయాలి, పైన ఉన్న టైమ్ పికర్‌కి అనుగుణంగా రాయాలి, చార్టు మీద నొక్కితే వెనకున్న రికార్డులు వాటంతటవి రావు.

ఇంకో ముఖ్యమైన విషయం: గ్రఫానాలో డ్యాష్‌బోర్డు చూడ్డానికి మాత్రమే అనుమతి ఉన్న యూజర్ కూడా, ఆ డేటా సోర్స్‌కి ఏ క్వెరీ అయినా పంపగలడు. ప్యానెల్‌లో కనపడకపోయినంత మాత్రాన ఆ టేబుల్ భద్రంగా ఉన్నట్టు కాదు. డేటా సోర్స్ వారీ అనుమతులు ఉచిత ఎడిషన్‌లో లేవు. కస్టమర్ల ఫోన్ నంబర్లున్న డేటాబేస్‌ని గ్రఫానాకి ఇచ్చేముందు ఇది గుర్తుంచుకోండి. ఇవ్వక తప్పదంటే అవసరమైన వ్యూలు మాత్రమే చదవగలిగే డేటాబేస్ యూజర్‌ని ఇవ్వండి.

మీ పోస్ట్‌గ్రెస్ సర్వర్ సీపీయూ, డిస్కు, కనెక్షన్ల సంఖ్య చూడ్డానికి గ్రఫానా తప్పకుండా పెట్టుకోండి. మెటాబేస్ పక్కన అదీ ఉంటుంది, దేని పని దానిది.

మిగతావి

రీడ్యాష్ నాకు ఇష్టమైన టూల్, ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్ల బృందానికి ఇప్పటికీ సుఖంగా ఉంటుంది. 2020లో డేటాబ్రిక్స్ కొనుక్కుంది, హోస్టింగ్ సేవ 2021లో ఆగింది, తర్వాత వాడుకరులే ముందుకు నడుపుతున్నారు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, అందులోనూ ఎస్‌క్యూఎల్ రాని పదిహేను మందికి, నేను చెప్పను. లాగ్ ఫైళ్లలో వెతకాలంటే కిబానా, ఓపెన్‌సెర్చ్ డ్యాష్‌బోర్డ్స్ ఉన్నాయి, మీకు అవి అక్కర్లేదు. డీబీటీ (ఎస్‌క్యూఎల్‌తో డేటా మార్పులు రాసే టూల్) వాడుతున్న బృందాలు లైట్‌డ్యాష్ చూడొచ్చు.

వెబ్‌సైట్ సందర్శకుల లెక్క కూడా కావాలంటే అది విడిగా పెట్టుకోండి. మటోమో (2018 దాకా దీని పేరు పివిక్) పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మీద నడుస్తుంది, వివరాలు చాలా ఇస్తుంది. రద్దీ ఉన్న సైటుకి రిపోర్టుల లెక్కలు క్రాన్‌లో (నిర్ణీత సమయానికి పనులు నడిపేది) పెట్టాలి, లేకపోతే రిపోర్టు తెరిచినప్పుడల్లా లెక్క మొదలై బ్రౌజర్ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ప్లాసిబుల్ చాలా చిన్న స్క్రిప్టు, కుకీలు పెట్టదు, ఒకే పేజీలో అన్నీ చూపిస్తుంది. వెనక క్లిక్‌హౌస్ అనే విశ్లేషణల డేటాబేస్ ఉంటుంది కాబట్టి 2 జీబీ ర్యామ్ ఇవ్వండి. ఉమామి ఇంకా సాదాగా ఉంటుంది, పోస్ట్‌గ్రెస్ మీదే నడుస్తుంది. "నిన్న ఎంతమంది వచ్చారు, ఎక్కణ్నుంచి వచ్చారు" వరకే మీ అవసరం అయితే ఉమామి చాలు.

ఇప్పుడు అసలు సంగతి: డేటాబేస్‌లో చేయాల్సిన పని

బావిలో ఉంటేనే కదా తొట్లోకి వచ్చేది. టూల్ ఏదైనా, అది మీ డేటాబేస్‌ని ఒక ప్రశ్న అడుగుతుంది, వచ్చిన జవాబు గీసి చూపిస్తుంది. ప్రశ్న నెమ్మదిగా నడిస్తే డ్యాష్‌బోర్డు నెమ్మదిగా తెరుచుకుంటుంది. లెక్క తప్పయితే అందమైన చార్టులో తప్పు లెక్క కనిపిస్తుంది.

మొదటిది వేగం. ఒక చోట అమ్మకాల డ్యాష్‌బోర్డులో 14 కార్డులు పెట్టాం. అందరికీ నచ్చింది. ప్రతి నిమిషం దానంతటదే తాజా అయ్యేలా సెట్ చేసుకుని, తొమ్మిది మంది తమ బ్రౌజర్లలో రోజంతా తెరిచి పెట్టుకున్నారు. లెక్క వేయండి: 14 కార్డులు, 9 ట్యాబులు, నిమిషానికి 126 క్వెరీలు, ఒక్కోటీ మొత్తం ఆర్డర్ల టేబుల్‌ని మొదటి నుంచి చదివేది. అది కూడా కస్టమర్ల ఆర్డర్లు తీసుకుంటున్న అసలు డేటాబేస్ మీదే. మధ్యాహ్నానికి సీపీయూ 100 శాతం తాకింది, ఆర్డరు పేజీ తెరుచుకోవడం ఆగింది. కారణం డ్యాష్‌బోర్డు అని కనిపెట్టడానికి గంటన్నర పట్టింది, ఎందుకంటే అందరూ ఏమైందో చూద్దామని అదే డ్యాష్‌బోర్డు మళ్లీ మళ్లీ తెరుస్తున్నారు.

ఆ సాయంత్రం చేసిన మార్పులు ఇప్పటికీ ప్రతి చోటా మొదటి రోజే చేస్తాను. రిపోర్టుల కోసం విడిగా డేటాబేస్ యూజర్, చదివే అనుమతి మాత్రమే. ఆ యూజర్‌కి స్టేట్‌మెంట్ టైమౌట్ 30 సెకన్లు, ఏ క్వెరీ అయినా అంతకు మించితే పోస్ట్‌గ్రెస్సే ఆపేస్తుంది. వీలైతే అసలు డేటాబేస్‌కి ఒక రెప్లికా (ఎప్పటికప్పుడు తాజా అయ్యే నకలు) పెట్టి టూల్‌ని దానికే కనెక్ట్ చేయాలి. (రెప్లికా మీద పెద్ద క్వెరీలు "రికవరీతో ఘర్షణ" అన్న ఎర్రర్‌తో మధ్యలో తెగిపోతే కంగారు పడకండి. ఆ రెప్లికా (స్టాండ్‌బై) ఎంతసేపు ఆగాలో చెప్పే సెట్టింగు డిఫాల్ట్‌గా 30 సెకన్లే ఉంటుంది, రిపోర్టుల రెప్లికా అయితే దాన్ని పెంచుకోవచ్చు.) చివరిగా, రోజువారీ మొత్తాలకు ఒక మెటీరియలైజ్డ్ వ్యూ (జవాబు ముందే లెక్కకట్టి దాచిన వ్యూ) చేసి పావుగంటకోసారి రిఫ్రెష్ చేయాలి. దానికి యూనిక్ ఇండెక్స్ ఒకటి పెడితే కన్‌కరెంట్‌గా రిఫ్రెష్ చేయొచ్చు, ఆ సమయంలో చూసేవాళ్లకు ఆటంకం ఉండదు. 40 సెకన్లు పట్టే కార్డు అర సెకనులో తెరుచుకుంది. టూల్ మారలేదు, సర్వర్ మారలేదు.

రెండోది లెక్క సరిగా ఉండటం. ఎస్‌క్యూఎల్ రానివాళ్లు మెనూల్లో టేబుళ్లు కలిపేటప్పుడు ఎక్కువగా పడే గొయ్యి ఒకటుంది. ఆర్డర్ల టేబుల్‌లో ఒక ఆర్డరు మొత్తం 1,200 అనుకోండి. ఆ ఆర్డర్లో మూడు వస్తువులున్నాయి, అంటే వస్తువుల టేబుల్‌లో మూడు వరుసలు. రెండూ కలిపితే ఆర్డరు మొత్తం మూడు వరుసల్లోనూ 1,200గా పడుతుంది. కూడితే 3,600. చార్టులో ఎక్కడా ఎర్రర్ రాదు. పైకి ఎగబాకుతున్న గీత చూసి అందరూ సంతోషిస్తారు, నెలాఖరున ఖాతాల లెక్కతో పోల్చినప్పుడు గానీ తెలియదు. అందుకే వాళ్లకి ముడి టేబుళ్లు ఇవ్వకండి. వస్తువు స్థాయిలో ఒక వ్యూ, ఆర్డరు స్థాయిలో ఒక వ్యూ, కస్టమరు స్థాయిలో ఒక వ్యూ చేసి, ఆ మూడే మెటాబేస్‌లో కనిపించేలా పెట్టండి. గళ్ల పేర్లు కూడా మామూలు మాటల్లో మార్చండి. కోడ్‌లో మీరు పెట్టుకున్న పొట్టి పేర్లు వాళ్లకి అర్థం కావు.

మూడోది టైమ్ జోన్. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది, మీవాళ్లు తమ గడియారం చూస్తారు. అర్ధరాత్రి దగ్గర్లో వచ్చిన ఆర్డర్లు ఒక రిపోర్టులో నిన్నటికి, ఇంకో రిపోర్టులో ఈ రోజుకి పడతాయి. మెటాబేస్‌లో రిపోర్ట్ టైమ్ జోన్ అనే సెట్టింగు ఉంది, కానీ టైమ్ జోన్ సమాచారం లేని టైమ్‌స్టాంప్ కాలమ్‌లకు అది వర్తించదు. మీ టేబుల్‌లో ఆ కాలమ్ ఏ రకమో ఇవాళే చూడండి. "వ్యాపార తేదీ" అని ఒక కాలమ్ వ్యూలోనే లెక్కకట్టి పెట్టేస్తే, ఏ టూల్‌లో చూసినా ఒకే తేదీ కనిపిస్తుంది.

నాలుగోది, నిర్వచనాలు వ్యూల్లో ఉండాలి, టూల్‌లో కాదు. రీడ్యాష్ నుంచి మెటాబేస్‌కి ఒకసారి 140 క్వెరీలు తరలించాను. వ్యూల మీద నిలబడ్డవి రెండు రోజుల్లో మారిపోయాయి. లెక్కంతా క్వెరీ లోపలే రాసినవి వారాలు పట్టాయి. కష్టం తరలింపులో లేదు, "యాక్టివ్ కస్టమర్" అన్న ఒక్క మాటకి నాలుగు క్వెరీల్లో నాలుగు అర్థాలు ఉండటంలో ఉంది. ఒకచోట 30 రోజులు, ఒకచోట 90 రోజులు, ఒకచోట లాగిన్ అయితే చాలు, ఒకచోట కొనాలి. ఏది సరైనదో చెప్పగలిగిన మనిషి అప్పటికి అక్కడ లేరు. వ్యూల ఎస్‌క్యూఎల్‌ని మీ మిగతా కోడ్‌తోపాటు గిట్‌లో పెట్టండి. అలా చేస్తే రేపు మెటాబేస్ వదిలి సూపర్‌సెట్‌కి వెళ్లాలనుకున్నా మళ్లీ గీసుకోవాల్సింది చార్టులే, లెక్కలు చెక్కుచెదరవు.

లైసెన్సు, భద్రత

ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు అంటే చాలామంది జంకుతారు. మెటాబేస్ ఉచిత ఎడిషన్, గ్రఫానా (2021 నుంచి), ప్లాసిబుల్ ఆ లైసెన్సు కిందే ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు మీ సంస్థ లోపల వాడుకుంటే మీ కోడ్ ఏదీ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. టూల్ కోడ్‌నే మార్చి, ఆ మార్చినదాన్ని నెట్‌వర్క్ ద్వారా ఇతరులకు వాడుకకు పెట్టినప్పుడు ఆ మార్చిన వెర్షన్ సోర్సు మొత్తం వాడేవాళ్లకు ఇవ్వాలి. మీ సొంత ఉత్పత్తిలో కస్టమర్లకు చార్టులు చూపించే ఆలోచన ఉంటే లైసెన్సు ఒకసారి న్యాయ సలహాదారుకు చూపించండి. సూపర్‌సెట్ అపాచీ 2.0 కింద ఉంది, ఆ విషయంలో అది తేలిక.

సొంత సర్వర్ అంటే సెక్యూరిటీ అప్‌డేట్లు మీ బాధ్యతే. 2023 జూలైలో మెటాబేస్‌లో సీవీఈ-2023-38646 బయటపడింది. లాగిన్ కూడా లేకుండా సర్వర్ మీద ఏ కమాండ్ అయినా నడపగలిగే లోపం. ప్యాచ్ వెంటనే వచ్చింది. అప్పుడు నా దగ్గరున్న మెటాబేస్ వీపీఎన్ (సంస్థవాళ్లకే తెరుచుకునే ప్రైవేట్ నెట్‌వర్క్) వెనక ఉంది కాబట్టి ఆ రాత్రి తీరిగ్గా అప్‌డేట్ చేశాను. ఇలాంటి టూల్ ఒక్క చోట చేతికి చిక్కితే మీ డేటాబేస్‌ల పాస్‌వర్డులన్నీ చిక్కినట్టే. కాబట్టి ఇంటర్నెట్‌కి నేరుగా తెరిచి పెట్టొద్దు. వీపీఎన్ వెనకో, కనీసం ఐపీ పరిమితి ఉన్న రివర్స్ ప్రాక్సీ (ముందు నిలబడి, అడ్రసు చూసి లోపలికి పంపే సర్వర్) వెనకో ఉంచండి. రిలీజ్ నోట్స్‌కి సబ్‌స్క్రైబ్ అవ్వండి, అప్‌డేట్‌కి ముందు దాని సొంత డేటాబేస్ బ్యాకప్ తీయండి.

మొదలుపెట్టేటప్పుడు ఒక్కసారే ముప్ఫై డ్యాష్‌బోర్డులు చేయకండి. ఇప్పుడు మీరు ప్రతి వారం చేస్తున్న స్ప్రెడ్‌షీట్లలో ఎక్కువమంది అడిగేది ఒకటి తీసుకోండి. దానికి వ్యూ రాయండి, మెటాబేస్‌లో చూపించండి, పాత స్ప్రెడ్‌షీట్ అంకెలతో మూడు వారాలు పక్కపక్కన పెట్టి సరిచూడండి. తేడా వచ్చిన ప్రతి చోటా ఎవరి లెక్క తప్పో తేల్చండి. నా అనుభవంలో సగంసార్లు తప్పు స్ప్రెడ్‌షీట్‌దే. అంకెలు కలిశాక స్ప్రెడ్‌షీట్ పంపడం ఆపేసి రెండోదానికి వెళ్లండి.

మీ అతి పెద్ద టేబుల్‌లో ఎన్ని వరుసలున్నాయో, పోస్ట్‌గ్రెస్ ఏ వెర్షనో కింద రాయండి. కొన్ని కోట్ల వరుసల దాకా పైన చెప్పిన మెటీరియలైజ్డ్ వ్యూలతో సరిపోతుంది. అంతకు మించి ఉంటే పక్కన క్లిక్‌హౌస్ పెట్టే విషయం ఆలోచించాలి, దానికి మెటాబేస్ ఎలా తగిలించాలో విడిగా రాస్తాను.